స్త్రీల వ్యాధులకు తొలి వైద్య పరీక్ష: గుంటూరు మైదానంలో ఒక చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• స్త్రీల వైద్య పరీక్ష మన ప్రాంతంలోకి ఎప్పుడు, ఎవరి ద్వారా, ఏ పరిస్థితుల్లో వచ్చిందో వివరించగలుగుతారు.
• బలవంతపు పరీక్షకూ, సమ్మతితో జరిగే పరీక్షకూ ఉన్న తేడాను చారిత్రక ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• నేడు గైనిక్ డాక్టరు దగ్గర జరిగే తొలి పరీక్షలో ఒక్కొక్క అంశం వెనుక ఉన్న చరిత్రను గుర్తించగలుగుతారు.
• పరీక్షకు వెళ్ళే స్త్రీకి ఉన్న హక్కులను పేర్కొనగలుగుతారు.

7.1 పరిచయం

ప్రత్తిపాడు నుంచి గుంటూరుకు సుమారు 20 కిలోమీటర్లు. ఈ రోజు బస్సెక్కితే గంటలో చేరుకుంటాం. 1880 ప్రాంతంలో అదే దూరం ఎడ్లబండి మీద దాదాపు ఒక రోజు ప్రయాణం. నల్లరేగడి నేల కనుక వర్షాకాలంలో బండి దిగబడితే ఇంకా ఆలస్యం. అయితే ఆనాటి స్త్రీకి వైద్యం అందకపోవడానికి దూరం ఒక్కటే కారణం కాదు. గుంటూరు చేరినా అక్కడ ఆమెను పరీక్షించగల వైద్యురాలు లేదు. పురుష వైద్యుడి ముందుకు రావడానికి ఆమె ఒప్పుకోదు, ఇంటివారు అసలే ఒప్పుకోరు. తెల్లబట్ట, అధిక రక్తస్రావం, గర్భసంచి జారడం, కాన్పులో బిడ్డ అడ్డం తిరగడం వంటి బాధలన్నీ ఇంటి నాలుగు గోడల మధ్యే ఉండిపోయేవి.

ఇప్పుడు వైద్యురాళ్ళు ఉన్నారు, ఆస్పత్రులు ఉన్నాయి, బస్సులు ఉన్నాయి. అయినా మొదటిసారి గైనిక్ డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే చాలామంది స్త్రీలు నెలలు, కొన్నిసార్లు సంవత్సరాలు వాయిదా వేస్తారు. మిరప కోతల రోజుల్లో కూలి పోతుందని ఒకరు, పిల్లల పరీక్షలు అయ్యాక చూద్దామని మరొకరు. ఈ కారణాలు నిజమే. వాటి కింద మరో కారణం కూడా ఉంటుంది: లోపలికి వెళ్ళాక ఏం చేస్తారో తెలియదు. అడగడానికి సిగ్గు.

చరిత్ర విద్యార్థిగా మీరు ఈ సిగ్గును వ్యక్తిగత బలహీనతగా చూడకూడదు. దానికి చరిత్ర ఉంది. ఈ పరీక్ష ప్రపంచంలో కొన్నిచోట్ల బానిసత్వంలో రూపుదిద్దుకుంది. మన దేశంలో ఒక దశలో పోలీసుల పర్యవేక్షణలో జరిగింది. మన గుంటూరులో మాత్రం ఒక స్త్రీ మరొక స్త్రీని, ఆమె ఒప్పుకున్న తరువాత పరీక్షించడంతో మొదలైంది. పరీక్ష సహించదగినదిగా మారడానికి ప్రధాన కారణం కొత్త పరికరాలు కావు. స్త్రీలు పెట్టిన షరతులు: పరీక్షించేది స్త్రీ కావాలి, గది మూసి ఉండాలి, తోడు ఉండాలి, కాదంటే ఆగాలి. ఈ పాఠ్యభాగం ప్రధానంగా చెప్పేది ఇదే.

7.2 ఆస్పత్రికి ముందు: మంత్రసాని, గ్రంథం

పరిశీలనకు పరికరం వాడాలనే ఆలోచన పాశ్చాత్య వైద్యంతోనే పుట్టిందనుకోవడం పొరపాటు. వాగ్భటుని 'అష్టాంగహృదయం' సూత్రస్థానంలో యోనివ్రణేక్షణం అనే యంత్రం వర్ణన ఉంది. యోనిలోని పుండ్లను చూడటానికి వాడే బోలు గొట్టం అది. పొడవు 16 అంగుళాలు, అంటే పదహారు వేలి వెడల్పులు. ఇటలీలో క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిదలో కూరుకుపోయిన పాంపేయి నగరపు తవ్వకాల్లో, మరతిప్పి తెరిచే కంచు స్పెక్యులంలు దొరికాయి. నేటి పరికరానికి పూర్వరూపాలు ఇలా రెండు నాగరికతల్లోనూ ఉన్నాయి.

కానీ గ్రంథంలో ఉన్న జ్ఞానం ప్రత్తిపాడు వంటి పల్లెలోని స్త్రీ దాకా రాలేదు. ఆమెకు దిక్కు మంత్రసాని. ఎక్కువగా నిమ్నకులాలుగా ముద్రపడ్డ కుటుంబాల నుంచి వచ్చిన ఈ స్త్రీలు తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి అనుభవంతో పని నేర్పారు. కాన్పు సమయంలో వారి చేయి కావాలి, కాన్పు అయ్యాక వారి స్పర్శ మైల. ఈ వైరుధ్యాన్ని మీరు కులవ్యవస్థ పాఠంతో కలిపి ఆలోచించండి.

మంత్రసానిని అజ్ఞానిగా మాత్రమే చిత్రించడం వలసపాలన కాలపు నివేదికలకు అలవాటు. ఆ చిత్రం పాక్షికం. ఆమె తెలిసిన మనిషి, పిలిస్తే ఇంటికే వచ్చే మనిషి, రోగి మాట్లాడే మాటే మాట్లాడే మనిషి. ఆస్పత్రి చాలాకాలం ఇవ్వలేకపోయిన నమ్మకాన్ని ఆమె ఇచ్చింది. అడ్డం తిరిగిన బిడ్డ, ఆగని రక్తస్రావం, సూతికా జ్వరం, గర్భాశయంలో గడ్డ వంటివాటి ముందు మాత్రం ఆమె నిస్సహాయురాలు.

సిగ్గు మన స్త్రీలకే ప్రత్యేకమని కూడా అనుకోకండి. 1822లో ఫ్రెంచి ప్రసూతి వైద్యుడు మేగ్రియే ప్రచురించిన గ్రంథంలో ఒక ప్రసిద్ధ చిత్రం ఉంది. స్త్రీ నిండుగా దుస్తులు వేసుకుని నిలబడి ఉంటుంది. వైద్యుడు మోకాలిపై కూర్చుని, చూపు పక్కకు తిప్పుకుని, దుస్తుల కింద చేత్తో మాత్రమే పరీక్షిస్తుంటాడు. పారిస్‌లో అయినా పల్నాడులో అయినా ఆనాటి సమస్య ఒక్కటే: పురుష వైద్యుడు, మర్యాద, రోగి బాధ. ఈ మూడింటినీ కలిపే దారి ఇంకా దొరకలేదు.

7.3 బలవంతపు పరీక్ష: రెండు ఉదాహరణలు

ఈ విషయాన్ని చాలా పాఠ్యపుస్తకాలు దాటవేస్తాయి. కానీ సమ్మతి విలువ తెలియాలంటే సమ్మతి లేని కాలం తెలియాలి.

మొదటి ఉదాహరణ అమెరికాది. అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో 1845–1849 మధ్య జె. మారియన్ సిమ్స్ అనే వైద్యుడు ఫిస్టులాకు శస్త్రచికిత్స కనిపెట్టే ప్రయత్నం చేశాడు. కాన్పు రోజుల తరబడి సాగినప్పుడు మూత్రాశయానికీ యోనికీ మధ్య రంధ్రం పడి మూత్రం నిరంతరం కారే దుస్థితిని ఫిస్టులా అంటారు. సిమ్స్ ప్రయోగాలు చేసింది బానిస స్త్రీలపై. అనార్కా, బెట్సీ, లూసీ అనే ముగ్గురి పేర్లు మాత్రమే చరిత్రలో మిగిలాయి. వారికి మత్తు ఇవ్వలేదు. కాదనే హక్కు వారికి చట్టరీత్యా లేదు. ఆయన పేరుతో ఉన్న స్పెక్యులం నేటికీ వాడుకలో ఉంది. న్యూయార్క్ సెంట్రల్ పార్కులోని ఆయన విగ్రహాన్ని 2018 ఏప్రిల్‌లో తొలగించారు. శస్త్రచికిత్స లక్షల స్త్రీలకు మేలు చేసింది, అది పుట్టిన తీరు అన్యాయం. చరిత్రకారులు ఈ రెండు వాస్తవాలలో దేన్నీ వదిలిపెట్టరు.

రెండవ ఉదాహరణ మన దేశానిది. సైనికులలో సుఖవ్యాధులు పెరుగుతున్నాయని బ్రిటిష్ ప్రభుత్వం 1868లో భారత అంటువ్యాధుల చట్టం తెచ్చింది. చట్టం అమలైన పట్టణాల్లో వేశ్యావృత్తిలో ఉన్నారని నమోదైన స్త్రీలు నిర్ణీత కాలానికి ఒకసారి పరీక్షకు హాజరు కావాలి. రాకపోతే శిక్ష. వ్యాధి ఉందంటే లాక్ హాస్పిటల్ అనే ఆస్పత్రిలో నిర్బంధం. మద్రాసు నగరం ఆ చట్టం పరిధిలోకి వచ్చింది. వారి దగ్గరికి వెళ్ళే పురుషులకు మాత్రం ఆ చట్టం కింద పరీక్ష లేదు. ఇంగ్లండులో ఇటువంటి చట్టాలపై జోసెఫిన్ బట్లర్ నాయకత్వంలో పెద్ద ఉద్యమం సాగి 1886లో అవి రద్దయ్యాయి. భారత చట్టం 1888లో రద్దయింది.

ఈ రెండు ఉదాహరణల్లోనూ పరికరం దాదాపు నేటిదే. లేనిది ఒక్కటే, స్త్రీ చెప్పే 'సరే' లేదా 'వద్దు' అనే మాట.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
1. మంత్రసాని విషయంలో కులవ్యవస్థ చూపిన వైరుధ్యం ఏమిటి?
2. 1868 చట్టం కింద ఎవరిని పరీక్షించేవారు? ఎవరిని పరీక్షించేవారు కాదు?

7.4 మద్రాసులో మార్పు

ఆ రోజుల్లో మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం కనుక మార్పును కూడా మద్రాసు నుంచే చూడాలి. న్యాయవాది అయిన భర్తతో మద్రాసుకు వచ్చిన మేరీ షార్లీబ్, ఇక్కడి స్త్రీలు వైద్యం అందక పడుతున్న బాధ చూసి తానే వైద్యం చదవాలని నిశ్చయించుకుంది. 1875లో మద్రాసు వైద్య కళాశాల ఆమెతో కలిపి నలుగురు స్త్రీలను చేర్చుకుంది. ఇంగ్లండులోనే స్త్రీలకు వైద్యవిద్య దాదాపు మూసిన తలుపుగా ఉన్న కాలమది. 1878లో ఇక్కడ చదువు ముగించి, లండన్‌లో పట్టా పొంది, 1883లో ఆమె తిరిగి వచ్చింది. 1885లో గోషా స్త్రీలకూ అగ్రకుల స్త్రీలకూ ప్రత్యేకంగా ఒక ఆస్పత్రి ప్రారంభమయింది. నేడు చెన్నై ట్రిప్లికేన్‌లోని కస్తూర్బా గాంధీ ఆస్పత్రి అదే. పాతవారు దాన్ని ఇప్పటికీ గోషా ఆస్పత్రి అనే అంటారు. అదే 1885లో వైస్రాయి భార్య లేడీ డఫరిన్ పేరుతో భారత స్త్రీలకు స్త్రీ వైద్య సహాయం అందించే నిధి కూడా ఏర్పడింది.

ఈ సంస్థల రూపకల్పనలో ఒక అంశం గమనించండి. గోషా పాటించే స్త్రీని గోషా వదిలి రమ్మనలేదు. ఆమె షరతును ఆస్పత్రే ఒప్పుకుంది. ఇందులో పరిమితి కూడా ఉంది. కులాల వేర్పాటును అంగీకరించడం కూడా ఆ ఒప్పందంలో భాగమయింది.

7.5 గుంటూరులో అన్నా కుగ్లర్

అమెరికన్ లూథరన్ మిషన్ 1842 నుంచి గుంటూరులో పనిచేస్తోంది. పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో 1879లో పట్టా పొందిన అన్నా సారా కుగ్లర్ 1883 చివరలో గుంటూరు చేరింది. అప్పటికి నేటి గుంటూరు జిల్లా ఇంకా ఏర్పడలేదు. 1904 దాకా ఈ ప్రాంతం కృష్ణా జిల్లాలో భాగం. ఆశ్చర్యమేమిటంటే, ఆమెను పంపిన సంస్థ మొదట వైద్యానికి ఒప్పుకోలేదు. జెనానాలలో, అంటే ఇళ్ళ లోపలి స్త్రీల మధ్య, చదువు చెప్పే పని అప్పగించింది. అయినా ఆమె మందుల పెట్టె వెంట తెచ్చుకుంది. చదువు చెప్పడానికి వెళ్ళిన ఇళ్ళలోనే రోగులు కనిపించారు. చివరికి సంస్థ ఆమెను వైద్యురాలిగా నియమించింది.

ఆ కాలపు పరీక్ష ఎలా జరిగి ఉంటుందో పరిస్థితులను బట్టి ఊహించవచ్చు. ఇంటి లోపలి గది, వెలుతురు తక్కువ, చుట్టూ అత్త, ఆడబిడ్డ, పిల్లలు. దొరసాని తాకితే మైల అని సంశయం. రోగి తన బాధ తాను చెప్పుకోదు, అత్తగారు చెబుతుంది. అటువంటి చోట వైద్యురాలికి మొదట కావలసింది తెలుగు. నెలసరి, కడుపు, కాన్పు గురించి స్త్రీలు పుస్తకభాషలో మాట్లాడరు. సగం మాటలు, సగం సైగలు. అవి అర్థం కానిదే పరీక్ష మొదలు కాదు. నేటికీ తొలి పరీక్షలో ఎక్కువ సమయం మాటలకే పోవాలని వైద్యశాస్త్రం చెప్పడం ఇందుకే.

1893లో గుంటూరులో డిస్పెన్సరీ, 1897లో స్త్రీలకూ పిల్లలకూ ఆస్పత్రి తెరుచుకున్నాయి. వైద్యురాలు రోగి ఇంటికి వెళ్ళే పద్ధతి నుంచి రోగి ఆస్పత్రికి వచ్చే పద్ధతికి మార్పు ఇక్కడ మొదలయింది. ఆస్పత్రి అంటే ఒక మూసిన గది, శుభ్రమైన నీరు, కాచిన పరికరాలు, పక్కన మరో స్త్రీ. ఆ మరో స్త్రీ నర్సు. స్థానిక యువతులకు నర్సు శిక్షణ ఇవ్వడం ఈ ఆస్పత్రి చేసిన పెద్ద పని. పరీక్ష గదిలో తెలుగు మాట్లాడే తోడు దొరికింది ఆ శిక్షణ వల్లనే.

రోగులు కులమత భేదాలు దాటి వచ్చారు. తన కుటుంబానికి అందిన వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు జమీందారు భుజంగరావు ఆస్పత్రి దగ్గర రోగుల బంధువుల కోసం సత్రం కట్టించారు. వంట చేసుకోవడానికి, రాత్రి పడుకోవడానికి చోటు లేకపోతే దూరపు పల్లె స్త్రీని ఎవరూ తీసుకురారు. చికిత్స చేరువ కావడంలో సత్రం పాత్ర పరికరం పాత్రకంటే తక్కువ కాదు. కుగ్లర్ 1930లో గుంటూరులోనే మరణించింది. ఆస్పత్రికి ఆమె పేరు నిలిచింది.

మిషనరీ వైద్యానికి మతప్రచార ఉద్దేశం ఉందన్నది వాస్తవం, ఆ కాలపు పత్రాలు దాన్ని దాచలేదు. కానీ వచ్చిన స్త్రీలు ఎక్కువమంది మందు తీసుకుని తమ మతంలోనే ఇంటికి వెళ్ళారు. వారు ఆ సంస్థను తమ అవసరానికి వాడుకున్నారు. చరిత్రలో సామాన్య స్త్రీలను పాత్రధారులుగా చూడటం అంటే ఇదే.

7.6 మన వైద్యురాళ్ళు, మన చట్టాలు

ఇరవయ్యో శతాబ్దంలో ఈ వృత్తి దేశీయ స్త్రీల చేతికి వచ్చింది. మద్రాసు వైద్య కళాశాలలో 1912లో పట్టా పొందిన ముత్తులక్ష్మీ రెడ్డి 1927లో మద్రాసు శాసనమండలి సభ్యురాలయ్యారు. 1954లో అడయార్ క్యాన్సర్ సంస్థ ఆమె కృషితోనే మొదలయింది. 1926లో మద్రాసు ప్రభుత్వం నర్సులు, మంత్రసానుల నమోదుకు చట్టం చేసింది. శిక్షణ పొందినవారికి గుర్తింపు వచ్చింది. శిక్షణ లేని పాత మంత్రసాని మెల్లగా అంచుకు జరిగింది.

తెలుగునాట చెప్పుకోవలసిన పేరు డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ. విజ్ఞాన చంద్రికా మండలి స్థాపకులలో ఒకరైన కొమర్రాజు లక్ష్మణరావు కుమార్తె ఆమె. విజయవాడలో వైద్యం చేశారు, 1957లో అక్కడి నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 'ప్రసూతి – శిశుపోషణ' అనే పుస్తకం తెలుగులో రాశారు. స్త్రీ తన శరీరం గురించి తన భాషలో చదువుకునే అవకాశం ఇటువంటి పుస్తకాలతో వచ్చింది. 1946లో గుంటూరు వైద్య కళాశాల ప్రారంభమయింది. ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితంగా పరీక్ష చేయించుకోవడం ఈ మైదాన ప్రాంతపు కూలి స్త్రీకి సాధ్యమయింది.

7.7 కొత్త పరీక్షలు, పాత ప్రశ్న

1943లో జార్జ్ పాపనికొలావ్, హెర్బర్ట్ ట్రౌట్ అనే శాస్త్రవేత్తలు యోని నుంచి తీసిన కణాలను సూక్ష్మదర్శినిలో చూసి క్యాన్సర్‌ను ముందే గుర్తించే పద్ధతిని వివరించారు. అదే పాప్ స్మియర్. దీనికి ప్రయోగశాల కావాలి. అది లేనిచోట పలుచని ఎసిటిక్ ఆమ్లం రాసి కంటితో చూసే పద్ధతి వచ్చింది. మార్పు చెందిన చోట నిమిషంలో తెల్లని మచ్చ కనిపిస్తుంది. ముంబయి బస్తీల్లో టాటా మెమోరియల్ కేంద్రం, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తల చేత ఈ పరీక్ష చేయించింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గినట్లు 2014లో ఫలితాలు ప్రచురించింది. క్యాన్సర్‌ను అరికట్టడానికి ఖరీదైన ఆస్పత్రే అవసరం లేదని దీనివల్ల తెలుస్తుంది. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30–49 ఏళ్ళ భారత స్త్రీలలో ఈ క్యాన్సర్ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు 1.9 శాతం మాత్రమే.

సమ్మతి ప్రశ్న కూడా కొత్త రూపాల్లో తిరిగి వచ్చింది. మూడు ఉదాహరణలు చూడండి.

ఒకటి: ఈ క్యాన్సర్‌కు కారణమైన హెచ్.పి.వి. వైరస్‌కు టీకా ఉంది. 2009లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో 10–14 ఏళ్ళ బాలికలకు ఈ టీకా వేసే ప్రాజెక్టు మొదలయింది. చాలా సమ్మతి పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకం చేశారని తరువాత తేలింది. 2010లో ప్రాజెక్టును ఆపివేశారు. కొందరు బాలికల మరణాలకు టీకా కారణమని విచారణలో రుజువు కాలేదు. టీకా ఉపయోగకరమే, సమ్మతి తీసుకున్న తీరు తప్పు. ఈ రెండింటినీ విడదీసి చూడటం నేర్చుకోండి.

రెండు: 2015–16 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళ స్త్రీలలో 8.9 శాతం మంది గర్భసంచి తీయించుకున్నారు. దేశ సగటు 3.2 శాతం. కొందరికి అది నిజంగా అవసరం. కానీ తెల్లబట్ట, నడుము నొప్పి వంటి బాధలకు సరైన పరీక్షే జరగకుండా నేరుగా ఆపరేషన్‌కు వెళ్ళిన ఉదంతాలు మన ఊళ్ళలో కొత్త కాదు. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలు అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది.

మూడు: అత్యాచార బాధితులపై జరిపే 'రెండు వేళ్ళ పరీక్ష' గోప్యతను, గౌరవాన్ని ఉల్లంఘిస్తుందని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. 2022 అక్టోబరులో ఆ పరీక్ష చేసేవారిని దుష్ప్రవర్తన కింద బాధ్యుల్ని చేయాలని తీర్పు ఇచ్చింది. కన్యత్వాన్ని నిర్ధారించగల వైద్య పరీక్ష ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా స్పష్టం చేసింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
1. గుంటూరు ఆస్పత్రిలో నర్సు శిక్షణకు ఉన్న ప్రాముఖ్యం ఏమిటి?
2. ఖమ్మం ఉదంతంలో టీకా ప్రశ్నకూ సమ్మతి ప్రశ్నకూ తేడా చూపండి.

7.8 నేటి తొలి పరీక్ష: అంచెలవారీగా

ఇప్పుడు ఈ చరిత్రను చేతిలో పెట్టుకుని పరీక్ష గదిలోకి వెళదాం. మీలో చాలామంది స్త్రీలు. కొందరు ఇప్పటికే తల్లులు, కొందరు అవివాహితులు. పురుష విద్యార్థులు కూడా ఈ భాగం వదలవద్దు. భార్యకో, చెల్లెలికో, తల్లికో తోడు వెళ్ళే బాధ్యత మీది కూడా.

వెళ్ళే ముందు. చివరి నెలసరి మొదలైన తేదీ రాసుకోండి. వాడుతున్న మందులు, పాత స్కానింగ్ రిపోర్టులు తీసుకెళ్ళండి. పాప్ స్మియర్ ఉంటే దానికి ముందు రెండు రోజులు యోనిలో మందులు వాడకూడదు, కలయిక వద్దు. నెలసరి రోజుల్లో ఆ పరీక్ష సాధారణంగా వాయిదా వేస్తారు. అయితే రక్తస్రావం ఆగకపోవడమే మీ బాధ అయితే ఆగే దాకా ఎదురుచూడకండి, వెంటనే వెళ్ళండి. చీర, లంగా, వదులు సల్వార్ ఏదైనా సరిపోతుంది.

మాటలు. మొదట డాక్టరు అడిగేవి ప్రశ్నలే. నెలసరి ఎన్నాళ్ళకొకసారి, ఎన్ని రోజులు, ఎన్ని కాన్పులు, అబార్షన్లు, తెల్లబట్ట రంగు, వాసన, దురద, నొప్పి, కలయిక ఉందా లేదా. చివరి ప్రశ్న నీతి పరీక్ష కాదు. గర్భం, అంటువ్యాధుల అంచనా దానిపై ఆధారపడుతుంది. తోడు వచ్చినవారి ముందు చెప్పలేకపోతే 'నేను ఒంటరిగా మాట్లాడాలి' అనండి. కుగ్లర్ కాలంలో రోగి తరఫున అత్తగారు మాట్లాడింది. మీ తరఫున మీరే మాట్లాడవచ్చు. చాలాసార్లు, ముఖ్యంగా చిన్నవయసు అమ్మాయిలకు, తొలి సందర్శన ఇక్కడితో, బరువు, బి.పి., పొట్ట పరీక్షతో ముగుస్తుంది.

లోపలి పరీక్ష. ఇది అందరికీ, ప్రతిసారీ అవసరం కాదు. కలయిక అనుభవం లేని స్త్రీకి సాధారణంగా చేయరు. పొట్టపై నుంచి స్కానింగ్ చేస్తారు. ఆ స్కానింగ్‌కు మూత్రాశయం నిండుగా ఉండాలి, లోపలి పరీక్షకు ఖాళీగా ఉండాలి. ఏది చేస్తారో ముందే అడగండి. లోపలి పరీక్ష అవసరమైతే నడుము కింది దుస్తులు తీసి, దుప్పటి కప్పుకుని, బల్లపై వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడవాలి. డాక్టరు మొదట బయటి భాగం చూస్తారు. తరువాత స్పెక్యులం మెల్లగా లోపలికి పెట్టి తెరిచి ముఖద్వారాన్ని చూస్తారు. చల్లగా, ఒత్తిడిగా అనిపిస్తుంది. పిర్రలు బిగించకుండా నోటితో నెమ్మదిగా ఊపిరి వదిలితే సులువు. అవసరమైతే చిన్న బ్రష్‌తో కణాలు తీస్తారు లేదా ఎసిటిక్ ఆమ్లం రాస్తారు. కొద్దిగా మంట పుట్టవచ్చు. ఆ తరువాత తొడుగు వేసుకున్న వేళ్ళు లోపల, రెండో చేయి పొట్టపై పెట్టి గర్భసంచి పరిమాణం, గడ్డలు, నొప్పి చూస్తారు. మొత్తం కొద్ది నిమిషాలే. తరువాత ఒకటి రెండు చుక్కలు రక్తం కనబడటం మామూలే. తీవ్రమైన నొప్పి మామూలు కాదు. నొప్పి అంటే చెప్పండి, 'ఆపండి' అంటే ఆపాలి.

మీ హక్కులు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రోగుల హక్కుల పత్రం రూపొందించింది. పరీక్ష ఎందుకో తెలుసుకోవడం, సమ్మతి ఇవ్వడం లేదా నిరాకరించడం, గోప్యత, రికార్డులు పొందడం, రెండో అభిప్రాయం తీసుకోవడం అందులో ఉన్నాయి. పురుష వైద్యుడు స్త్రీని పరీక్షించేటప్పుడు మరో స్త్రీ గదిలో ఉండాలి. 18 ఏళ్ళు నిండని అమ్మాయికి సంరక్షకుల సమ్మతి కావాలి. అయినా ఆ అమ్మాయికి వివరించి ఆమె మాట వినడం మర్యాద, వైద్యధర్మం. ఈ హక్కుల్లో ఒక్కొక్కటి 7.3లో చూసిన ఒక్కొక్క అన్యాయానికి సమాధానంలా కనిపిస్తుంది.

పరీక్ష తరువాత. రిపోర్టు తీసుకోవడానికి తప్పక వెళ్ళండి. కణాల్లో మార్పు ఉందన్నంత మాత్రాన క్యాన్సర్ అని కాదు. మార్పు దశలోనే చిన్న చికిత్సతో నయం చేయడం కోసమే ఈ పరీక్ష ఉంది. గర్భసంచి తీయాలంటే నాలుగు ప్రశ్నలు అడగండి: నా జబ్బు పేరేమిటి? ఏ రిపోర్టు అలా చెబుతోంది? మందులతో తగ్గే అవకాశం ఉందా? అండాశయాలు ఉంచుతారా, తీస్తారా? జవాబు తృప్తిగా లేకపోతే గుంటూరు ప్రభుత్వ ఆస్పత్రిలోనో మరోచోటనో రెండో అభిప్రాయం తీసుకోండి. ప్రాణాపాయం లేనప్పుడు ఒక వారం ఆలస్యం వల్ల నష్టం లేదు.

30 ఏళ్ళు దాటిన స్త్రీలకు మన జాతీయ కార్యక్రమం 65 ఏళ్ళ దాకా అయిదేళ్ళకొకసారి ముఖద్వార క్యాన్సర్ పరీక్ష సూచిస్తోంది. బాధ ఏదీ లేకపోయినా చేయించుకోవలసిన పరీక్ష అది. మీ ఊరి ఆశా కార్యకర్తను, ఏ.ఎన్.ఎం.ను అడిగితే ఎక్కడ, ఏ రోజు చేస్తారో చెబుతారు. మిరప కోతలు, పత్తి తీతలు లేని వారంలో ఇద్దరు ముగ్గురు కలిసి వెళితే ఖర్చు తగ్గుతుంది, ధైర్యం పెరుగుతుంది.

7.9 సారాంశం

స్త్రీల వ్యాధులను పరిశీలించే పరికరాలు ప్రాచీన కాలం నుంచి ఉన్నాయి. అవి సామాన్య స్త్రీకి ఉపయోగపడింది మాత్రం ఆమె షరతులను వైద్య వ్యవస్థ అంగీకరించిన తరువాతే. అలబామాలో, లాక్ హాస్పిటళ్ళలో సమ్మతి లేని పరీక్ష హింసగా మారింది. మద్రాసు, గుంటూరు ఆస్పత్రుల్లో వైద్యురాలు, నర్సు, మూసిన గది, సత్రం కలిసి అదే పరీక్షను సేవగా మార్చాయి. నేటి చట్టాలు, తీర్పులు ఆ షరతులను హక్కులుగా గుర్తించాయి. హక్కు పుస్తకంలో ఉంటే చాలదు, గదిలో అడగాలి. ఈ పాఠం చదివిన మీరు అడగగలరు, అడగలేని మరో స్త్రీకి తోడుగా వెళ్ళగలరు.

7.10 కీలక పదాలు

మంత్రసాని: గ్రామాల్లో కాన్పులు చేసే సంప్రదాయ స్త్రీ.
లాక్ హాస్పిటల్: సుఖవ్యాధి ఉందన్న స్త్రీలను నిర్బంధించి చికిత్స చేసిన వలసకాలపు ఆస్పత్రి.
స్పెక్యులం: యోని గోడలను వేరుచేసి ముఖద్వారాన్ని చూపే పరికరం.
సమ్మతి: విషయం తెలుసుకుని, ఒత్తిడి లేకుండా ఇచ్చే అంగీకారం.

7.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. గుంటూరు ప్రాంతంలో స్త్రీల వైద్యం అభివృద్ధి చెందిన తీరును వివరించండి.
2. 'పరీక్ష చరిత్ర సమ్మతి చరిత్ర కూడా.' ఉదాహరణలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. మేరీ షార్లీబ్ కృషి.
2. రోగిగా స్త్రీకి ఉన్న హక్కులు.
3. మీ కుటుంబంలోనో, వీధిలోనో ఉన్న పెద్దవయసు స్త్రీని, ఆమె ఇష్టపడితేనే, ఆమె కాలపు కాన్పుల గురించి అడిగి, పేరు రాయకుండా ఒక పేజీ నివేదిక తయారుచేయండి.